మూడో అంతస్తులో ఖాళీ గోడ

"ఇదేమిటండీ, గోడ చూపిస్తున్నారు?"

అడిగినవాడు పద్నాలుగు మంది టూరిస్టుల గుంపులో అందరికన్నా చిన్నవాడు. అడిగించుకున్నది ఆ గుంపును నడిపిస్తున్న గైడ్. ఇద్దరి ముందూ మ్యూజియం మూడో అంతస్తులోని పొడవాటి గోడ, గోడకు రెండు మేకులు, మేకుల మధ్య ఒక కాగితం: 'బొమ్మను శుభ్రం చేయడానికి తీశాము.'

"ఇక్కడుండాల్సిన బొమ్మ పైన పనిగదిలో ఉందండీ" అంది గైడ్. మూడు రోజులుగా మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పదకొండు రోజుల్నుంచి."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

అతనికి ఒళ్లు మండింది. వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం అతని ఉద్యోగం. రోజుకు నలభై మంది తిట్లు చెవిలో పోయించుకుని, నలభైసార్లు "క్షమించండి సార్" అనాలి. ఆరేళ్లుగా అదే పని. తను మాత్రం బుద్ధెరిగాక ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఇవాళ ఎత్తాడు.

"మా అత్త ఈ ఊరొచ్చిందే ఈ ఒక్క బొమ్మ కోసం! మూడు రోజుల్నుంచి మీరు చూపించిన గుమ్మటాలు, విగ్రహాలు, మెట్లు, అన్నీ ఓర్చుకుంది."

"మెట్లు నేను కట్టలేదండీ."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. మిగతావాళ్లకు నవ్వే ఓపిక కూడా లేదు. ఎక్కడ దొరికితే అక్కడ చతికిలబడ్డారు.

అతని మేనత్త అప్పటికే బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్లు వదులు చేసుకుంటోంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసి మొన్ననే రిటైరైంది. పాఠం పుస్తకంలో అగ్గిపెట్టెంత నలుపు తెలుపు బొమ్మ ఒకటుండేది. పని ముగించుకుని గోడకు తల ఆనించి కూర్చున్న ఒక పనిమనిషి. ఏటా పిల్లలచేత ఆ బొమ్మే వేయించింది. అసలు బొమ్మను ఒక్కసారి కళ్లారా చూడాలన్నది ఆవిడ కోరిక.

ఆవిడ ఖాళీ గోడ కేసి కాసేపు చూసి, "పోనీలేరా, కూర్చోడానికి బెంచీ అయినా దొరికింది" అంది.

ఆ మాటకు అతని మనసు చివుక్కుమంది. తిట్టినా బాగుండేది.

భోజనాల వేళ కింద టూర్ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు ఫారం అడిగాడు. పేరు గడిలో అత్త పేరు రాసి, కింద తన సంతకం గిలికి ఇచ్చేశాడు.  

మధ్యాహ్నం ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తిరగడానికి గంట వదిలారు. సన్నగా వాన మొదలైంది. అతను రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకొచ్చేసరికి, మూడో అంతస్తు వరండా బెంచీ మీద అత్త పక్కన గైడ్ కూర్చుని ఉంది. అత్త చేతులు తిప్పుతూ బడి కబుర్లు, ఆ బొమ్మ కబుర్లు చెబుతోంది. గైడ్ చెంపకు చెయ్యి ఆనించుకుని వింటోంది.

అతన్ని చూసి లేచింది. "టీ తర్వాత తాగొచ్చు. టీచర్‌గారూ, నాతో రాగలరా? పైకి నలభై రెండు మెట్లు. లిఫ్ట్ ఉంది గానీ సామాన్లకి మాత్రమే."

"నన్ను కూడా సామాననుకోమ్మా" అంది అత్త.

పనిగది దూలాల కింద పొడుగ్గా ఉంది. అంతా స్పిరిట్ వాసన. బొమ్మలు బాగుచేసే అమ్మాయి చదువుకునే రోజుల్లో గైడ్‌కి హాస్టల్ గదిలో తోడు. "పది నిమిషాలే. మీరిక్కడికి రాలేదు, నేను మిమ్మల్ని చూడలేదు" అని పక్కకు జరిగింది.

బల్ల మీద వాలుగా బొమ్మ. సగం ఇంకా పొగచూరినట్టు గోధుమరంగులో ఉంది. శుభ్రం చేసిన సగం తళతళలాడుతోంది. పనిమనిషి భుజం మీది శాలువా పండు మిరపకాయలా ఎర్రగా ఉంది.

"ఎరుపా!" అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నీలం అని చెప్పాన్రా పిల్లలకి! ముప్పై ఒక్క ఏళ్లు నీలమే వేయించాను."

"రెండు వారాల కిందట మమ్మల్నడిగినా గోధుమరంగనే చెప్పేవాళ్లం టీచర్‌గారూ" అంది బాగుచేసే అమ్మాయి.

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, "పాపం, కళ్ల కింద చూడు. ఎన్నాళ్లయిందో ఈమె సరిగ్గా నిద్రపోయి" అని గొణిగింది.

అతనూ గైడూ కిటికీ దగ్గర నిలబడ్డారు. వాన పెంకుల మీద చప్పుడు లేకుండా జారుతోంది. దగ్గర నుంచి చూస్తే గైడ్ కళ్ల కింద కూడా నల్లటి చారలున్నాయి.

"ఉదయం నేనన్న మాట తప్పు" అంది ఆమె. "పదకొండు రోజులుగా ప్రతి గుంపుకీ మొదటిరోజే చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ మొహాలు వాడిపోతాయి. ఈసారి ఆ మొహాలు చూసే ఓపిక లేక నోరు మూసుకున్నాను."

"రోజూ ఇంతేనా?"

"ఇంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాగుడే. ఇంటికెళ్లాక మా అమ్మతో సైగలే. అన్నం కావాలంటే చెయ్యి, వద్దంటే తల."

"నాది ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఇంటికెళ్తే ఫోన్ తీసి దిండు కింద పెడతాను. ఎవరి గొంతూ వినబుద్ధి కాదు" అన్నాడతను.

ఆమె ఫక్కున నవ్వింది. మూడు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. కిటికీ బయటికి చూస్తున్న అతను ఆమె వైపు తిరిగి, అలాగే ఉండిపోయాడు.

"అయినా ఇంకెన్నాళ్లు లెండి. ఈ సీజన్లో నా మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులు. మూడోది వస్తే బ్యాడ్జి తీసేసుకుంటారు."

అతని నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"మూడోది వచ్చింది" అన్నాడు. "నేనే ఇచ్చాను. భోజనాలప్పుడు."

ఆమె కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి జరిగింది. "ఫారం పూర్తిగా నింపారా?" అని అడిగింది.

"ఒక్క గడి కూడా వదల్లేదు."

"నింపుతారు. మీ వృత్తి అదేగా" అని, ఆమె మెట్ల మీదుగా దిగిపోయింది.

అతను అత్తకు విషయం చెప్పేసి, నలభై రెండు మెట్లూ, వాటి కింద మూడు అంతస్తులూ పరుగున దిగి ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసర్ కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చూశాడు.

"ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం ఉండదు బాబూ. కావాలంటే సమస్య తీరిందని రాయి. ఎలా తీరిందో వివరంగా రాయాలి."

ఎలా రాస్తాడు? సామాన్ల లిఫ్ట్ సంగతి రాస్తే గైడ్‌తోపాటు పనిగది అమ్మాయి ఉద్యోగానికీ ముప్పే. రోజూ నలభై మందికి సమాధానం చెప్పేవాడు కలం మూత తీస్తూ, పెడుతూ నిలబడ్డాడు.

అప్పుడే కుంటుకుంటూ అత్త వచ్చింది. "ఏదండీ ఆ కాగితం, ఇలా ఇవ్వండి. పేరెవరిది? నాదే. సంతకమో?"

"మీది కాదా?" అన్నాడు ఆఫీసర్.

"ఇలాంటి కోడిగీతలు గీస్తే నన్ను డ్రాయింగ్ టీచర్‌గా ఎవరు పెట్టుకునేవారండీ? ఇది మా అన్నయ్య కొడుకు గిలికింది. నా పేరు మీద వీడెవడు ఫిర్యాదివ్వడానికి? నాకే ఇబ్బందీ లేదు. ఆ అమ్మాయి బంగారం."

ఆఫీసర్ అతనివైపు చూశాడు. అతను తల దించుకున్నాడు. "సంతకం చెల్లదు" అని ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టేశాడు ఆఫీసర్.

వాకిట్లో అలికిడైతే తిరిగి చూశారు. బ్యాడ్జి చేతిలో పట్టుకుని, తడిసిన జుట్టుతో గైడ్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది.

"మెళ్లో వేసుకోమ్మా" అంది అత్త, ఆమె పక్కనుంచి నడిచిపోతూ.

అతను ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. "తిట్టండి."

"ఓపిక లేదు. రేపు తిడతాను."

"రేపు తొమ్మిదికి మా బస్సు."

"తెలుసు. రేపు నాకు సెలవు" అని వెళ్లిపోయింది. రమ్మందో, రానందో అతనికి అర్థం కాలేదు.

మర్నాడు బస్సు దగ్గర అతను సామాను సర్దడం మానేసి వీధి చివరికే చూస్తున్నాడు. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఆమె వచ్చింది. యూనిఫాం లేదు, జడ వదులుగా ఉంది. ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాడు.

"తిట్టడానికొచ్చారా?"

"అనుకునే వచ్చాను. దారిలో మర్చిపోయాను."

డ్రైవర్ హారన్ కొట్టాడు. అతను కదల్లేదు.

"ఇంకొక్క రోజు ఉండిపోదామనుకుంటున్నాను."

"ఏం చూస్తారు? అన్నీ చూపించేశాగా."

"ఏం చూడను. కూర్చుంటాను."

"ఎక్కడ?"

"మీరెక్కడ కూర్చుంటే అక్కడ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బస్సు కిటికీలోంచి అత్త తల బయటపెట్టింది. "డ్రైవర్ బాబూ, వీడి సంచీ దించెయ్యండి! నాకు రెండు సీట్లొస్తాయి, కాళ్లు చాపుకుంటాను. అమ్మాయీ, వీడి చేతిరాత తప్ప మిగతాదంతా మంచిదే!"

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ ఏటి ఒడ్డున రాతి మెట్ల మీద కూర్చున్నారు. ఆమె ఏ గుమ్మటం ఎన్నేళ్లదో చెప్పలేదు. అతను దేనికీ క్షమించమనలేదు. కాసేపటికి ఆమె తల అతని భుజానికి వాలింది. నిద్రపోయింది.

లేచేసరికి ఎండ మెట్ల మీదికి వచ్చేసింది. "అయ్యో, ఎంతసేపైంది?"

"గంటన్నర."

"లేపొచ్చుగా!"

"మిమ్మల్ని లేపడానికి బస్సు దిగలేదండీ" అన్నాడు. "నాకు మీరు నచ్చారు. మాట్లాడినా, పడుకున్నా."

ఆమె జడ సరిచేసుకుంటూ నీళ్లకేసి చూసింది. "పడుకున్నప్పుడు గురక పెట్టానా?"

"కొంచెం."

"అయినా నచ్చానా?"

"అయినా."

"అయితే పదండి, మా ఇల్లు దగ్గరే" అంటూ లేచింది.

అతను లేవబోతే కాలు తిమ్మిరెక్కి తూలాడు. ఆమె చెయ్యందించింది. రెండు వీధులు దాటేసరికి తిమ్మిరి వదిలింది. చెయ్యి ఇద్దరూ వదల్లేదు.

తలుపు తీసిన తల్లి కూతుర్నీ, ఆ చేతుల్నీ చూసింది. "ఎవరే?"

"టూరిస్టమ్మా. బస్సు తప్పిపోయింది."

"తప్పిపోయిందా?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "లేదమ్మా, దిగిపోయాడు. నాకోసం."

"ఇన్నాళ్లకి నోరు విప్పావు" అంది తల్లి, తలుపు బార్లా తెరుస్తూ. "రా బాబూ, లోపలికి రా."