బిందెల కింది స్టాండ్లు

ఎల్లారెడ్డిలో నగేశ్ కారును చూసి నవ్వనివాళ్లు లేరు. పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన కిట్‌ను ఇంటి పక్క రేకుల షెడ్డులో తనే బిగించి నిలబెట్టిన ఎర్ర రోడ్‌స్టర్ అది. పైకప్పు లేదు, ఉన్నవి రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, మామూలు జాక్ దాని కిందికి దూరనే దూరదు.

ఆ రోజు దానికి ఆయిల్ మార్చాలి. ఆ రోజే కామారెడ్డి నుంచి అమ్మాయి తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. ఇల్లు చూసేది పెద్దవాళ్లే. ఆ పనికి పిల్ల రాదు, అది అక్కడి పద్ధతి. వాళ్లకు నచ్చితే మాట ఖాయం చేసుకుందామని తల్లి దేవవ్వ నగేశ్‌ను ముందే ఒప్పించింది. పిల్ల ఫోటో మేనమామ ఆశన్న ఫోన్లో ఉంది. ముందు ఇల్లు నచ్చనీ, తర్వాత చూస్తానని నగేశ్ బద్ధకించాడు. అతనికి అభ్యంతరం లేదు, ఆత్రమూ లేదు. వాళ్లొచ్చేలోపు ఆయిల్ పని అయిపోవాలన్నదే బెంగ.

కారు కిందికి దూరే పొట్టి జాక్ కావాలని కూడా ఆ మామనే అడిగాడు. కామారెడ్డిలో తెలిసిన టైర్ల షాపు నుంచి ఎవరో ఒకరు తెచ్చిస్తారన్నాడు ఆశన్న.

ఆ ఎవరో ఒకరు స్కూటీ మీద వచ్చింది. ముఖానికి స్కార్ఫు, కాళ్ల దగ్గర చక్రాల జాక్. స్కార్ఫు విప్పి కారును చూసింది, తర్వాత నగేశ్‌ను చూసింది. రెంటిలో దేన్ని చూసి నవ్విందో అతనికి తెలియలేదు.

"ఇద్దరే పడుతరు గద. మీ అమ్మ యాడ కూసుంటది?" అంది.

జాక్ తెచ్చిన మనిషికి అమ్మ ఎక్కడ కూర్చుంటే ఏమిటి? అమ్మకు కారంటే భయమని, ఆమెను బైకు మీదే తిప్పుతానని చెప్పాడు. ఆమె తలూపింది. ఇంట్లో నల్లా నీళ్లు రోజూ వస్తాయా, మీకు సిగరెట్ అలవాటుందా అని కూడా అడిగింది. టైర్ల షాపుల్లో ఈమధ్య ఇవన్నీ అడుగుతున్నారేమో అనుకుని నగేశ్ బుద్ధిగా జవాబులిచ్చాడు.

జాక్‌ను ఆమె కారు అంచు కిందికి తోసింది. అది ఫైబర్ అని, బరువు పడితే పగులుతుందని అతను ఆపాడు. లోపలున్న ఇనుప ఫ్రేమును వేలితో చూపించాడు. ఆమె సారీ చెప్పి జాక్‌ను ఫ్రేము కిందికి జరిపి, మధ్యలో చెక్క ముక్క పెట్టింది. అతను హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. కారు ముందు భాగం మెల్లగా లేచింది. నగేశ్ వెంటనే దాని కిందికి పాకబోయాడు.

ఆమె అతని కాలరు పట్టుకుంది.

"స్టాండ్లు యేవి?"

"రెండు నిమిషాల పనే."

"మా అన్న సుత గట్లనే అన్నడు. ట్రాక్టరు జాక్ మీదికెల్లి జారింది. ఇప్పుడు కుడిచేత్తోని అన్నం కలుపుకోరాదు." ఆమె జాక్‌ను చూపించింది. "జాక్ లేపుటానికే. మోసేటివి స్టాండ్లు."

నగేశ్ వెనక్కి జరిగాడు. కాలరు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వదిలితే బాగుండునని మాత్రం అనిపించలేదు.

కిట్‌తో పాటు వచ్చిన స్టాండ్లు ఉన్నాయి. వాటి మీద పలక వేసి, వంటింట్లో దేవవ్వ నీళ్ల బిందెలు పెట్టుకుంది. ఇద్దరూ వెళ్లి బిందెలు దించారు. చుట్టాలొచ్చే వేళ ఈ ఆగమేందని దేవవ్వ గొణిగింది. ఈ పిల్లను ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూనే ఆమె చేతికి చాయ్ ఇచ్చింది.

ఫ్రేము కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, కారును వాటి మీదికి దించారు. ఆమె చేతులు ఆనించి కారును గట్టిగా ఊపింది. కదల్లేదు. అప్పుడు పొమ్మంది.

కింద పడుకున్న నగేశ్‌కు ఆమె చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి. పాత ఆయిల్ డబ్బాలోకి ధారగా పడుతోంది. పొద్దున లేని చిక్కు ఇప్పుడొచ్చి పడింది. ఈమెవరో తెలియదు. పేరడిగితే, జాక్ వాపస్ ఇచ్చేటప్పుడు చెప్తానంది. ఇంకాసేపట్లో ఎవరో వచ్చి, ఇల్లు చూసి, మాట ఖాయం చేసుకుపోతారు. ఈమె జాక్ తీసుకుని కామారెడ్డి వెళ్లిపోతుంది. అది అతనికి ఏమాత్రం ఇష్టం లేదు.

"ఇయ్యాల నాకు సంబంధం మాట్లాడనీకి వస్తున్నరు," అన్నాడు ఆ చెప్పుల వైపు చూస్తూ. "వద్దని చెప్త."

చెప్పులు ఒక అడుగు వెనక్కి వేశాయి. "ఎందుకు?"

"పొద్దుగాల దాక కారణం లేకుండె. ఇప్పుడు మీరున్నరు. మీరు నాకు నచ్చిన్రు."

చెప్పులు మళ్లీ దగ్గరికొచ్చాయి.

"చెప్పకుండ్రి," అందామె. "వచ్చెటోళ్లకు వద్దని అస్సలు చెప్పకుండ్రి."

అంటే తను నచ్చలేదన్నమాట. మరి గొంతులో ఆ నవ్వేమిటి? నగేశ్ బయటికొచ్చి ఆమె ముఖం చూశాడు. ఆమె షెడ్డు రేకుల వైపు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ పాలుపోక, బోల్టు బిగించడానికి మళ్లీ కిందికి వెళ్లబోయాడు. వెళ్లబోతూ ఆగి, ఎవరూ చెప్పకుండానే, కారును రెండు చేతులతో గట్టిగా ఊపి చూశాడు.

ఆమె అది చూసింది.

అప్పుడే వాకిట్లో వ్యాను ఆగింది. ఆశన్న వెనకాలే పిల్ల తండ్రి ఎంకయ్య దిగాడు. కామారెడ్డి టైర్ల షాపు ఆయనదే. ఇల్లు చూడాల్సిన మనిషి స్కూటీని చూసి ఆగిపోయాడు.

"మహేశ్వరీ, నాగిరెడ్డిపేటల దోస్తు ఇంటికి పోతున్న, దారిల జాక్ దించి పోత అన్నవు గదనే?"

నగేశ్ చేతిలోని పానా కింద పడింది. గడపలో దేవవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాబోయే కోడలితో బిందెలు మోయించింది మరి. వద్దని చెప్పొద్దని ఆమె ఎందుకన్నదో నగేశ్‌కు తెలిసొచ్చింది. పొద్దుటి నుంచి అతనికి అర్థమైన మొదటి సంగతి అదే.

"ఇల్లు మీరు చూడుండ్రి బాపు," అంది మహేశ్వరి తల దించుకుని. "నేను మనిషిని చూసిన. నేను చెప్పకముందే బండిని ఊపి చూసిండు. నాకు నచ్చిండు."

ఎంకయ్య కారు కింది స్టాండ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. కొడుకు చెయ్యి గుర్తొచ్చిందేమో, కళ్లు తుడుచుకున్నాడు. లోపలికి ఇంకా అడుగు పెట్టకుండానే, ఇల్లు కూడా మంచిగనే ఉన్నదన్నాడు.

చాయ్‌లు, మాటలు అయ్యాయి. వెళ్తూ వెళ్తూ ఎంకయ్య జాక్‌ను వ్యానులో వేయబోయాడు.

"ఉండనియ్యి బాపు," అంది మహేశ్వరి. "మళ్ల మోసుకరావాల్నా?"