చెయ్యి ఊపని మనిషి

ఆ విమానాశ్రయంలో చివరి బే అంటే అందరికీ హడలు. బే అంటే విమానం నిలిపే చోటు. అక్కడ సగం దీపాలు వెలగవు. రాత్రిపూట అక్కణ్ణుంచి బయల్దేరమంటే పైలట్లు కూడా ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేవాళ్ళట.

అక్కడ ఒక మనిషి నిలబడతాడట... పసుపు జాకెట్టుతో. ఏమీ అనడు, ఏమీ చెయ్యడు. చెయ్యి మాత్రం ఊపడు.

ఊపకపోతే ఏమైందంటారా? అక్కడే ఉంది అసలు సంగతి. ట్రాక్టరు విమానాన్ని వెనక్కి తోసి వెళ్ళిపోయాక, కింద ఉన్న మెకానిక్కు ముందుచక్రానికి గుచ్చిన పిన్ను లాగుతాడు. పక్కకొచ్చి, దాని ఎర్ర రిబ్బను పైలట్టుకి ఎత్తి చూపించి చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి ఊగాకే విమానం కదలాలి.

అక్కణ్ణుంచి విమానాలు నడిపే కంపెనీకి జనం పెట్టిన ముద్దుపేరు రేకుపిట్ట. సీటు వెనక్కి వాలదు, మంచినీళ్ళు ఊరికే ఇవ్వరు, ఎక్కినవాడు దిగేదాకా దేవుడి మీదే భారం. వాలిన పిట్ట రెక్క ఆరకముందే మళ్ళీ ఎగరాలి. వాళ్ళకి అదొక్కటే పిచ్చి.

ఆ తొందరే ఒకణ్ణి పొట్టన పెట్టుకుంది. వానలో, ఆ చివరి బే ముందు, మెకానిక్కు వంగి పిన్ను లాగుతున్నాడు. దూరంగా జీపులో కూర్చున్న మేనేజరు రేడియోలో అరిచాడు — "చెయ్యి ఊపేశాడయ్యా, ఇంకా చూస్తావేంటి? కదులు!"

పైలట్టు నమ్మాడు. కదిలాడు.

మర్నాడు ఆ మేనేజరు మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "చెయ్యి ఊపి మళ్ళీ కిందకి దూరాడు. తాగున్నాడు." చుక్క ముట్టని మనిషి గురించి! ఆ నోరు పడిపోను.

ఆ మెకానిక్కు చెల్లెలు రేకుపిట్టలోనే ఎయిర్ హోస్టెస్. ఆ సంగతి మేనేజరుకి తెలియదు. కింద పనిచేసేవాళ్ళకి ఇల్లూ వాకిలీ ఉంటాయని ఆయనకెప్పుడూ తట్టలేదు. అన్న పోయాక కూడా ఆమె రోజూ మైకులో నవ్వుతూ చెప్పింది — "మీ భద్రతే మా ప్రాణం." కడుపు రగిలిపోతుంటే పళ్ళ బిగువున చెప్పింది. మా అన్న తాగలేదని ఈ మనిషి నోటితోనే, నలుగురిలో కక్కిస్తాను... అదొక్కటే ఆమె పంతం.

ఆ రోజు రానే వచ్చింది. దెయ్యం పుకారుతో సీట్లు నిండక కంపెనీ పరువు పోతోందని, మేనేజరు తనే విలేకర్లని వెంటబెట్టుకుని రాత్రి విమానం ఎక్కుతానన్నాడు. చివరి బే నుంచే. ఆ విమానంలో ఆమెకే డ్యూటీ.

ఆమె పొడుగన్న దగ్గరికి పరిగెత్తింది. ఆయన అన్నకి ప్రాణస్నేహితుడు, ఆ రాత్రి విమానానికి డ్యూటీ మెకానిక్కు. అన్న పసుపు జాకెట్టు ఆయన చేతిలో పెట్టింది.

"ఇది వేసుకుని ఎడమవైపు, ఆ మేనేజరు కిటికీకి ఎదురుగా నిలబడు అన్నయ్యా. నేను చూసుకుంటా... చెయ్యి మాత్రం ఊపకు."

"చెల్లెమ్మా, వాడి జాకెట్టు... నావల్ల కాదేమోనే."

"అవుతుంది. వేసుకో."

రాత్రయింది. వాన మొదలైంది. మేనేజరు మొదటి వరసలో, ఎడమ కిటికీ పక్కన దర్జాగా కూర్చుని కెమెరాలకి పళ్ళికిలించాడు. ట్రాక్టరు విమానాన్ని తోసి వెళ్ళిపోయింది.

విమానం కదల్లేదు.

మేనేజరు విసుక్కుంటూ కిటికీలోంచి చూశాడు. అంతే... ముఖాన నెత్తురుచుక్క లేదు.

వానలో పసుపు జాకెట్టు. చెయ్యి కిందకే వేలాడుతోంది.

"ఊపడేం? వాడు... వాడు ఊపడేం?"

ఆమె వంగి, బెల్టు సరిచేస్తున్నట్టు, ఆయన చెవిలో చెప్పింది — "మా అన్న ఎలా ఊపుతాడు సార్? ఊపకముందే కదిలించారుగా."

ఆయన ఆమె వంక చూశాడు. మళ్ళీ కిటికీ వంక చూశాడు. బయట మనిషి ఒక్కడుగు ముందుకొచ్చాడు.

"ఊపలేదు!" అని గావుకేక పెట్టాడు. "వాడు ఊపలేదు... తాగలేదు... నేనే అబద్ధం చెప్పాను! వాణ్ణి పొమ్మనండి!"

ఫోన్లన్నీ లేచాయి. కెమెరాలన్నీ తిరిగాయి. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. శభాష్ పొడుగన్నా, అనుకుంది మనసులో.

ఆయన వాలకం చూసి కెప్టెను విమానాన్ని మళ్ళీ బే లోకి లాగించాడు. మెట్లు తగిలించారు. తలుపు తెరవగానే రొప్పుకుంటూ పైకి వచ్చాడు పొడుగన్న. ఒంటిమీద తన నీలం జాకెట్టే. చంకలో మడత విప్పని పసుపు జాకెట్టు.

"క్షమించు చెల్లెమ్మా... ధైర్యం చాల్లేదు. కుడివైపు నిలబడి ఎప్పటిలాగే చెయ్యి ఊపేశాను." గొంతు తగ్గించాడు. "ఎంత ఊపినా మీరు కదలరేంటి?"

కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడ్డ కెప్టెను తెల్లబోయాడు. "కుడివైపా? మరి ఎడమవైపు చెయ్యి ఊపకుండా నిలబడ్డదెవరు?"

రేకు మీద వాన చప్పుడు...

అంతా విన్న మేనేజరు సీటుని కరుచుకుని కూర్చున్నాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపాల్సొచ్చింది.

ఆమె తలుపు బయటికి తొంగిచూసింది. ఒళ్ళు జల్లుమంది... కానీ భయం కాదది. ఎన్నాళ్ళకో చూసిన మనిషి.

ఆమె పక్కకి తప్పుకుని మేనేజరుకి దారి ఇచ్చింది. రోజూ నవ్వే నవ్వే నవ్వింది. ఈసారి మాత్రం మనసారా నవ్వింది.

"మాతో ప్రయాణించినందుకు ధన్యవాదాలు సార్. మెట్లు తడిగా ఉన్నాయి... నెమ్మదిగా దిగండి."

కింద, ఆఖరి మెట్టు పక్కన, పసుపు జాకెట్టు నిలబడి ఉంది.