నూట పద్నాలుగో బుట్ట

కాటర్ ఫోర్క్ అనే ఆ అమెరికా కొండ ఊళ్ళో మే నెల ఆఖరి ఆదివారం సమాధులు శుభ్రం చేసుకునే రోజు. బొగ్గు గని మూతబడ్డాక తలో దిక్కూ పోయినవాళ్ళంతా ఆ ఒక్కరోజు కొండెక్కుతారు. తమవాళ్ళ రాళ్ళ చుట్టూ గడ్డి పీకి, పూలు గుచ్చి, దుప్పట్లు పరుచుకుని వేయించిన కోడీ చిక్కుళ్ళూ తిని, పొద్దుగూకకముందే వెళ్ళిపోతారు. డ్రీమా ఒక రోజు ముందే వచ్చింది. గని పక్కన, పనివాళ్ళు బట్టలు మార్చుకునే స్నానాలగదిని సోమవారం కూలగొడుతున్నారని తెలిసి, ఒహాయో నుంచి ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది.

ఏడేళ్ళప్పుడు వదిలిన ఊరు. ముప్పై రెండేళ్ళుగా దాని మీద బెంగ పంటి నొప్పిలా ఉండీ ఉండీ సలుపుతూనే ఉంది. తీరా వచ్చాక ఒకచోట నిలవలేకపోయింది. కాలుగాలిన పిల్లిలా, ఉన్న ఒక్క రోడ్డు మీదా మూడుసార్లు పైకీ కిందికీ తిరిగింది. తమ ఇల్లున్న చోట మూడు మెట్లు మిగిలాయి. వాటి మీద కూచుంది, కూచోలేక లేచింది. మధ్యాహ్నం దాటేసరికి కొండ మీంచి పొగమంచు దిగి ఆ మెట్లు కూడా కనిపించకుండా పోయాయి.

ఆమె వచ్చింది తండ్రి బట్టల కోసం. గనిలో మంటలొచ్చినప్పుడు ఆర్వెల్ లోపలే ఉండిపోయాడు. పదిహేను రోజులు చూసి, మంట ఆరక, గని నోటికి గోడ కట్టేశారు. కొండ మీద అతని పేరున రాయి ఉంది, రాయి కింద ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఆ రాయి పక్కనే తల్లి ఓపల్‌ని పాతిపెట్టారు.

పోయేముందు ఓపల్ తన మెడలోని తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టింది.

"స్నానాలగదిలో మీ నాన్న బుట్ట దించు. అందులో ఉన్నవి నా పక్కన పాతెయ్. టెస్సీని ఒంటరిగా పడుకోబెట్టకు."

టెస్సీ డ్రీమా కూతురు, ఏడేళ్ళది. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ దాని చెయ్యి పట్టుకునే పడుకునేది. అదీ ఓ చాదస్తమే అనుకుంది డ్రీమా. ఓపల్ చాదస్తాలు ఇన్నీ అన్నీ కావు మరి. ఒహాయోలో ఏడేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మార్చింది. పొద్దున లేస్తూనే పెరటి తలుపు పిడి తుడిచేది. ఒక్కోరోజు గుడ్డ నల్లగా వచ్చేది. ఫ్యాక్టరీల మసి అనేది. ఆ సాయంత్రానికల్లా సామాన్లు కట్టేసేది.

స్నానాలగది గుమ్మంలో హోబర్ట్ కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఒకప్పుడు ఆ గదికి కాపలాదారు. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా బొగ్గు, ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. మాట గుసగుసగా తప్ప రాదు.

"ఆర్వెల్ పిల్లవేగా. నడకే చెబుతోంది. మీ నాన్నా అంతే, నిప్పుల మీద నడిచినట్టు నడిచేవాడు."

"బాగున్నావా బాబాయ్?"

"ఈ సిలిండర్‌ని నేను లాక్కెళ్తున్నానో, అదే నన్ను లాక్కెళ్తోందో తెలీడం లేదు." నవ్వబోయి దగ్గాడు. "ఆ దుమ్ములోకి నేను రాలేను తల్లీ. నూట పద్నాలుగు, ఎడమవైపు చివర."

"ఊరొదిలిన రోజు నీకో చీటీ ఇచ్చాను. గుర్తుందా?"

"గుర్తులేకేం. ముక్కు కారుస్తూ వచ్చావు. ఒహాయో అడ్రసు రాశాను, మా నాన్న బుట్టలో వెయ్యి అన్నావు. అప్పట్లో నా దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది. దించాను. మీ నాన్న ఇంటి బట్టలు మడత నలక్కుండా ఉన్నాయి. జేబులో పెట్టి పైకి లాగేశాను. ఆ తర్వాత కంపెనీ నా తాళంచెవి తీసేసుకుంది. మళ్ళీ ఎవ్వరూ ముట్టుకోలేదు."

"చదువు రాని మనిషికి చీటీ."

"నీ చీటీలతోనేగా ఊళ్ళు తిరిగింది వాడు."

నిజమే. ఆర్వెల్‌కి అక్షరం ముక్క రాదు. ఎక్కడికి పోవాలన్నా కూతురి చేత ఊరి పేరు రాయించుకుని, దారిలో వాళ్ళకీ వీళ్ళకీ చూపించుకుంటూ పోయేవాడు. రాసినందుకు కూలి కూడా ఉండేది. క్యారేజీ పై అరలో ఓపల్ పెట్టిన ఆపిల్ పై, కజ్జికాయలా మడిచి నూనెలో వేయించినది, సగమే తిని సగం దాచి తెచ్చేవాడు. ఆ సగం ఆమెకిచ్చి, చీటీ తీసుకుని అదే అరలో పెట్టుకునేవాడు.

డ్రీమా లోపలికి వెళ్ళింది.

పొడవాటి గది. కిటికీల అద్దాల మీద మసి. పాత సబ్బు వాసన, తుప్పు వాసన. పైన, చీకట్లో, ఇనప బుట్టలు వరసలు వరసలుగా వేలాడుతున్నాయి. పనికొచ్చినవాడు ఇంటి బట్టలు విప్పి బుట్టలో పెట్టి, గొలుసుతో కప్పు దాకా లాగి తాళం వేసుకునేవాడు. పని దిగాక స్నానం చేసి ఇంటి బట్టలు తొడుక్కుని, పని బట్టల్ని పైకి లాగేవాడు. భార్యలెవరైనా ఆలస్యమైందని ఆదుర్దాగా వస్తే హోబర్ట్ తలెత్తి పైకి చూసేవాడు. పైన ఇంటి బట్టలుంటే మనిషి గనిలో ఉన్నట్టు. పని బట్టలుంటే ఇంటికెళ్ళినట్టు.

నూట పద్నాలుగు. ముప్పై రెండేళ్ళ తాళం. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుందని నూనె కూడా తెచ్చింది. తాళంచెవి పెట్టీ పెట్టగానే తెరుచుకుంది.

గొలుసు వదిలింది. గరగరమంటూ బుట్ట కిందికి దిగుతోంది. చేతి మీద ఏదో పడింది. చుక్క. ఇంకో చుక్క. కప్పు కారుతోందనుకుంది. మిగతా నేలంతా పొడిగానే ఉంది.

బుట్ట కళ్ళ ముందు ఆగింది.

ఇంటి బట్టలు లేవు. బొగ్గుతో బిరుసెక్కిన పని చొక్కా, ప్యాంటు. బూట్లు. హెల్మెట్. అన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా మీద చెయ్యి వేసి వెంటనే వెనక్కి లాక్కుంది. వెచ్చగా ఉంది... ఇప్పుడే ఒంటి మీంచి విప్పినట్టు.

వాటి కింద క్యారేజీ. ఆ రోజు తండ్రితో పాటు గనిలోకి వెళ్ళిన క్యారేజీ.

మూత తీసింది. ఆపిల్ వాసన గుప్పుమంది. పై అరలో ఆపిల్ పై లేదు. చీటీలున్నాయి. ఒక్కటి కాదు.

మొదటిది తనదే. ఏడేళ్ళ పిల్ల గుండ్రటి రాత, ఒహాయోలో వాళ్ళ మొదటి ఇల్లు. రెండో చీటీ... రెండో ఇల్లు. మూడోది మూడో ఇల్లు. అన్నీ తన రాతే. చీటీ చీటీకీ రాత కుదురుకుంటూ పోయింది. ఆ అడ్రసులు రాసిన జ్ఞాపకమే లేదు ఆమెకు. ఒక కల మాత్రం గుర్తుంది. చిన్నప్పుడు పదే పదే వచ్చిన కల. తెల్లవారుజామున, పెరటి జాలీ తలుపు అవతల, తడిసిన గొంతు.

"వెళ్ళిపోయారేంటమ్మా చెప్పకుండా... కొత్త ఇల్లు రాసిపెట్టు."

ఆ కల వచ్చిన రోజల్లా నోరు తియ్యగా ఉండేది.

తొమ్మిదో చీటీ తొమ్మిదో ఇల్లు. అక్కడే ఓపల్, పద్నాలుగేళ్ళ కూతుర్ని పక్కలో వేసుకుని, ఆ చెయ్యీ తన చెయ్యీ గుడ్డతో కలిపి కట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. డ్రీమా ఎంత ఏడ్చినా, ఎంత తిట్టినా విప్పలేదు. కల రావడం ఆగిపోయింది. తల్లి మీద ఆ కోపం మాత్రం ఇన్నేళ్ళూ ఆగలేదు. ఆ గుడ్డ ఎందుకు కట్టిందో ఇప్పుడు, ఈ చీకటి గదిలో, తెలిసింది.

అరలో ఇంకో చీటీ ఉంది.

పదోది.

ఊదారంగు క్రేయాన్‌తో రాసి ఉంది. పోయిన వారం డ్రీమాయే కొన్న క్రేయాన్లు. అంకెల్లో మూడు తిరగబడి ఉంది. టెస్సీ మూడు ఎప్పుడూ అలాగే రాస్తుంది. అడ్రసు వాళ్ళ ఇంటిదే.

గురువారం పొద్దున టెస్సీ పాలు ముట్టుకోలేదు. కడుపు నిండిపోయిందమ్మా అంది. స్కూలుకి ఆలస్యమవుతోందని తను పట్టించుకోలేదు.

డ్రీమా ఫోన్ తీసింది. ఆ లోయలో సిగ్నల్ ఎప్పుడు ఉంది గనక. కొండెక్కితే గానీ రాదు. ఇల్లు ఐదు గంటల దూరం. ఇంట్లో మొగుడుంటాడు, నిజమే. కానీ టెస్సీ తన గదిలో ఒంటరిగా పడుకుంటుంది. కారు వైపు పరుగెత్తాలి. చీటీ మడిచి గుప్పెట్లో పెట్టుకుంది. ఎదురుగా చొక్కా చేతుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"తల్లీ..." గుమ్మం దగ్గర్నుంచి హోబర్ట్ గుసగుస. "దించావా? ఏమున్నాయి?"

ఆమె క్యారేజీ మూత పెట్టింది.

"పని బట్టలు."

సిలిండర్ బుసకొట్టడం వినిపించింది. ముసలాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ముప్పై రెండేళ్ళ బరువు దిగినట్టుంది అతని గొంతు.

"అయితే ఇంటికెళ్ళిపోయాడమ్మా."