కుంభగిరి ఎక్కిళ్ళు

కుంభగిరి రాజ్యంలో వానలు వేళకు కురిసేవి, దొంగలు కూడా చెప్పి వచ్చేవారు. అంత చల్లని రాజ్యానికి ఒక వింత శాపం తగిలింది. పిల్లలకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అవి మంచినీళ్ళు తాగితే పోయే ఎక్కిళ్ళు కావు. ఒకసారి మొదలైతే తిండీ నిద్రా మానిపించేవి.

ఎక్కిళ్ళకు మన పెద్దలు చేసే వైద్యం మీకు తెలిసిందే. "నువ్వు బెల్లం దొంగిలించావట కదా" అని లేని నింద ఒకటి వేస్తే, పిల్లవాడు హడలిపోయి ఎక్కిళ్ళ సంగతి మరచిపోతాడు. కుంభగిరివాళ్ళు ఈ చిట్కానే శాస్త్రం చేసుకున్నారు. ఆస్థాన వైద్యుడు సోమభట్టు ఎలుగుబంటి తోలు కప్పుకుని తలుపుల చాటున నక్కేవాడు. బడిపంతులు విరూపాక్షయ్య పాఠం మధ్యలో పిల్లల వెనక పళ్ళేలు పగలేసేవాడు. ఎక్కిళ్ళు రెట్టింపయ్యాయి. అయినా భయం చాలలేదనుకున్నారే తప్ప, మందు మార్చాలని ఒక్కరికీ తోచలేదు.

గంపలు అల్లే వీరన్నకు రత్తాలు అనే కూతురు, బుడ్డయ్య అనే కొడుకు. రత్తాలుకు తమ్ముడంటే ప్రాణం. ఎక్కిళ్ళు పట్టిన ఆ పిల్లవాడు రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. చేతులు పుల్లల్లా అయిపోయాయి. తమ్ముడు తనకు దక్కడేమోనని ఆ పిల్ల దిగులు. మనుషులు పెట్టే భయాలు చాలడం లేదు కాబట్టి, ఏడు కొండల అవతల ఉన్న ఘోరదంష్ట్ర అనే రాక్షసిని అడిగి లోకంలోకెల్లా పెద్ద భయాన్ని తెస్తానని రాజుతో చెప్పింది. రాజు సంతోషించి, ఆ విద్య నేర్చుకు రమ్మని వైద్యుణ్ణీ పంతులునూ వెంట పంపాడు. వద్దందామంటే రాజు చేతిలో కత్తి ఉంది.

దారిలో ఒక లోయకు అడ్డంగా కొండచిలువ వంతెనలా పడుకుని కన్నీళ్ళు కారుస్తోంది. తన బాధ వింటే దాటనిస్తానంది. అది నోరు విప్పీ విప్పకముందే సోమభట్టు నాలుక చూసి, నులిపురుగులని తేల్చేశాడు. ఇంత ఒళ్ళు పెట్టుకుని ఏడవడానికి సిగ్గులేదా అన్నాడు విరూపాక్షయ్య. తొందరగా దాటనివ్వమని రత్తాలు బతిమాలింది. కొండచిలువ ఒళ్ళు విదిలించింది. ముగ్గురూ లోయలో పారే ఏట్లో పడి, ఈదుకుంటూ అవతలి గట్టు చేరారు.

అక్కడొక మౌనముని కనిపించాడు. విరూపాక్షయ్య ఆయన్ను ప్రశ్నలడిగి, జవాబులూ తానే చెప్పుకుని, తప్పులు కూడా దిద్దాడు. ముని విసిగిపోయి కాలి బొటనవేలితో రాక్షసి గుహ చూపించాడు.

గుహ ముందు ఘోరదంష్ట్ర రోకళ్ళంత కోరలు తోముకుంటోంది. వీళ్ళు వచ్చిన పని విని పగలబడి నవ్వింది.

"వెయ్యేళ్ళుగా భయపెడుతున్నాను. భయం మనిషి లోపలికి పోవడమే చూశాను గానీ, లోపలున్నదాన్ని బయటికి తేవడం చూడలేదు. అదిగో నా కొడుకు బొండడు. పొద్దుటినుంచీ మొహం వేలాడేశాడు. ఎందుకో కనుక్కోండి. వాడు చెప్పడం అయ్యేలోగా 'ఇంకా?' అనే మాట తప్ప వేరే మాటన్నారో, మింగేస్తాను" అంది.

బొండడు "నాకో మేక దొరికింది" అన్నాడో లేదో, మేకపాలు కఫం చేస్తాయన్నాడు సోమభట్టు. రాక్షసి అతన్ని నడుం దాకా మింగి ఉమ్మేసింది. విరూపాక్షయ్య మేక మీద నీతిపద్యం ఎత్తుకుని, జొల్లు కారుతూ బయటపడ్డాడు. రత్తాలు జాలిపడి "పోనీలే, ఏం కాదులే" అని, తానూ రాక్షసి నోట్లోకి వెళ్ళొచ్చింది. ఓదార్పు కూడా నోరు మూయించేదేనట.

చాలాసార్లు మింగుడు పడ్డాక ముగ్గురికీ బుద్ధొచ్చింది. పంతులు తలపాగా నోట్లో కుక్కుకున్నాడు. అప్పుడు బొండడు మెల్లిగా చెప్పుకొచ్చాడు. ఆ మేకను తినేశానని అమ్మతో అబద్ధమాడాడట. అది వెనక గుహలో ఉందట. దానికి పేరు కూడా పెట్టాడట. ఘోరదంష్ట్ర గర్జించబోయి, తన షరతు గుర్తొచ్చి, తన పిడికిలే నోట్లో పెట్టుకుంది. కాసేపటికి పిడికిలి తీసి "ఇంకా?" అంది. బొండడు అమ్మ ఒళ్ళోకి ఎక్కేశాడు.

ఇల్లు చేరగానే రత్తాలు తమ్ముడి పక్కన కూర్చుంది. వైద్యుడూ పంతులూ గుమ్మంలో గుడ్లప్పగించి కూర్చున్నారు. నీ మనసులో ఏముందని అడిగి, రత్తాలు ఊరుకుంది. బుడ్డయ్య చాలాసేపు చాప పుల్లలు పీకాడు.

"నాకు ఎక్కిళ్ళొచ్చినప్పుడు, నన్ను తవుడిచ్చి కొన్నామని చెప్పావు కదక్కా" అన్నాడు.

అవును, చెప్పింది. మన ఇళ్ళల్లో అందరూ అనే వేళాకోళమే అది. పిచ్చోడా, ఉత్తుత్తికే అన్నాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "ఇంకా?" అంది.

"గేదెకి తవుడు అయిపోయిందని నాన్న అన్నాడు. నన్ను తిరిగిచ్చేసి తవుడు తెచ్చుకుంటారేమోనని..."

"ఇంకా?"

"తక్కువ తింటే ఉంచుకుంటారు కదా."

రత్తాలుకు ఏడుపు ఆగలేదు. గుమ్మంలో ఇద్దరు పెద్దమనుషులూ ఒకే ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు.

"నువ్వు పుట్టినప్పుడు అమ్మ కంటే ముందు నిన్ను ఎత్తుకున్నది నేనేరా. ఊరంత తవుడు పోసినా ఇవ్వను. అబద్ధం చెప్పి నిన్ను భయపెట్టాను, తప్పు నాది" అంది.

బుడ్డయ్య ఒక ఎక్కిలి ఎక్కి, రెండోదాని కోసం ఎదురుచూశాడు. రాలేదు. అన్నం పెట్టమన్నాడు.

రాజు రత్తాలుకు అర్ధరాజ్యం ఇవ్వబోయాడు. ఆమె అది వద్దని, రాక్షసి దగ్గర వినడం నేర్చుకోనిదే ఎవరూ బడి నడపకూడదని, పిల్లలకు వైద్యం చేయకూడదని ఆజ్ఞ వేయించింది. పంతుళ్ళూ వైద్యులూ జట్లు జట్లుగా వెళ్ళి, తడిసి ముద్దై తిరిగొచ్చారు. పిల్లల ఎక్కిళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. చివరికి రాజుగారూ ముచ్చటపడి బయలుదేరారు. రాజు కదా, నోరు మూసుకోవడం ఆయనకు ఏడాది దాకా రాలేదు. అంతవరకూ రత్తాలే రాజ్యం ఏలింది. సింహాసనం మీద ఆమె పక్కన బుడ్డయ్య కూర్చుని, ఎవరినీ అడగకుండా రెండోసారి వడ్డించుకు తినేవాడు.