చక్కెరకు రాని చీమలు

మిట్టమధ్యాహ్నం పన్నెండు! సూర్యుడు నడినెత్తిన మండాల్సిన ఘడియలో కాటుక మబ్బులు కమ్ముకున్నాయి... దిక్కులు పిక్కటిల్లేలా ఒకటే ఉరుములు! పాడుబడ్డ కర్మాగారం గోడ మీద పట్టపగలే ఒక గుడ్లగూబ ఆగి ఆగి కూస్తోంది.

అక్క ఇవేవీ పట్టించుకోలేదు. మోకాలి నొప్పి ముందు ఉరుములొక లెక్కా? స్థలం కొనేవాళ్ళ తరఫున నేల తవ్వి, మట్టిని సీసాల్లో నింపి, అందులో విషముందో లేదో తేల్చడం పాతికేళ్ళుగా ఆమె పని. నిజం చెప్పిన ప్రతిసారీ అమ్మేవాడు తిట్టాడు, కొనేవాడూ తిట్టాడు. పాపం, అలసిపోయింది. కానీ ఈ స్థలంలో ఇల్లు కట్టుకోవాలని చెల్లెలు ముచ్చటపడింది. చెల్లెలికిప్పుడు ఐదో నెల. సాయంత్రమే సంతకాలు.

ఒకప్పుడు ఇక్కడ పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసేవారు. అయినా మూడుసార్లు పరీక్షిస్తే మూడుసార్లూ మట్టి శుభ్రమనే వచ్చింది! అక్కకు మాత్రం మనసొప్పలేదు. ఏ స్థలానికి వెళ్ళినా ముందు చిటికెడు చక్కెర చల్లి చీమల కోసం చూడడం ఆమె అలవాటు. ఇక్కడ చల్లి మూడు రోజులైంది. చక్కెర చల్లినట్టే ఉంది.

"యంత్రాలే బాగుందంటుంటే, చీమల్ని అడుగుతావేంటక్కా?" చెల్లెలు విసుక్కుంది.

"ఈ ఒక్కసారి తవ్వనీవే. నాకు నిద్ర పట్టడం లేదు."

"తవ్వండి మేడం, ఆ గీతల్లోనే తవ్వండి," అన్నాడు స్థలం అమ్మేవాడు, ఆ పాత కర్మాగారం యజమాని, నవ్వుతూ. అందరూ అతన్ని సున్నం సారు అంటారు. ఎక్కడ తవ్వాలో తనే సున్నంతో గుండ్రంగా గీసి చూపించే మర్యాదస్తుడు మరి! అమ్మేవాడు చూపిన చోట తవ్వకూడదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది అక్కే. ఓపిక లేక మూడుసార్లూ గీతలోనే తవ్విందీ అక్కే.

ఈసారి అంత దూరం కూడా నడవలేకపోయింది. గీతకు నాలుగడుగుల ఇవతలే మోకాలు మొరాయించింది. కూలబడ్డ చోటే గునపం దించింది. మూరెడు లోతులో... టక్!

కపాలం! ఎర్రదారాలు చుట్టిన నరకపాలం! దాని దంతాల మధ్య మూడు కాగితాలు... మట్టి శుభ్రమని తనిచ్చిన నివేదికలే! కింద తన సంతకాలే!

"ముట్టుకోకు!" సున్నం సారు ముఖంలో మర్యాద మాయమైంది. నేత్రాలు నిప్పుకణికలయ్యాయి. "నీ సంతకాలతోనే ఈ భూగర్భ విషాన్ని బంధించాను! స్తంభయ... స్తంభయ!"

కెవ్వుమని చెల్లెలు విరుచుకు పడిపోయింది! ఆమె కంఠంలోంచి ఒక్కసారిగా పదిమంది మగవాళ్ళ దగ్గు... సీసం పొగ పీల్చి రాలిపోయిన కూలీల దగ్గు!

"మమ్మల్ని పాతావు... మా మీద ఇళ్ళు కట్టిస్తావా?"

"కపాలాన్ని పూడ్చెయ్! లేదంటే నీ చెల్లెలూ, గర్భస్థ శిశువూ ఈ క్షణమే నాకు బలి!" అని అరిచాడు సున్నం సారు.

అక్కకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. కాగితాలు లాగి ముక్కలు చేసింది.

"ఈ సంతకం నాది. వెనక్కి తీసుకుంటున్నాను."

భూమి గర్జించింది! సున్నపు వలయాలు ఫెళ్ళున పగిలాయి. బూడిదరంగు జలం బుసలు కొడుతూ పొంగి మాంత్రికుడి పాదాలను, నడుమును, కంఠాన్ని చుట్టేసింది. మంత్రం చదవబోయాడు... దగ్గు వచ్చింది. మళ్ళీ దగ్గు! భీకరంగా ఆర్తనాదం చేస్తూ, తను గీసిన గీతలోనే నిలువునా దిగబడిపోయాడు. గుడ్లగూబ ఎగిరిపోయింది.

కాసేపటికి చెల్లెలు అక్క ఒళ్ళో కళ్ళు తెరిచింది. కడుపులో బిడ్డ కదిలింది. మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది.

"వాడు పోయాడుగా అక్కా... ఇక నేల బాగుపడినట్టేనా?"

అక్క సంచిలోంచి పొట్లం తీసి చిటికెడు చక్కెర చల్లింది. అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చుని చూశారు. ఎండ వాలేదాకా చూశారు.

ఒక్క చీమా రాలేదు.

చెల్లెలు ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, రెండో చెయ్యి అందించి అక్కను లేపింది.