దన్ను దుంగ

సోమవారం పొద్దున్నే మట్టి లోడుతో పామర్రు వెళ్లిన జయపాల్ తొమ్మిదైనా కాకుండానే తిరిగొచ్చాడు. ట్రాక్టర్ వెనక ట్రక్కులో మట్టి అలాగే ఉంది. పెళ్లాం డయానా ఇడ్లీ గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"దించలేదేంటండీ?"

"లేస్తేగా దించడానికి! సగం లేచి ఆగిపోయింది. నీ బండీ వద్దు, నీ మట్టీ వద్దు, ఇంకోణ్ని పిలుచుకుంటానన్నాడు మట్టి తోలమన్నాయన. కూలీల ముందు తల తీసేసినట్టయింది."

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న జయపాల్ తల్లి రూతమ్మ తలెత్తలేదు.

ఉయ్యూరు పక్క ఆ ఊళ్లో, ఆ ఇంట్లో మూడు వారాలుగా ఇదే గోల. ఖాళీ ట్రక్కయితే కిందున్న ఆయిల్ జాకీ చక్కగా ఎత్తుతుంది. మట్టి నింపితే సగంలో మూలిగి ఆగిపోతుంది. ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, పైపులన్నీ విప్పి చూశారు. ఒక్కచోట మాత్రం బాగుచేసేవాళ్లెవరూ చెయ్యి పెట్టలేదు. లివరు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. జాకీ ఎంత బరువు ఎత్తాలో చెప్పేది అదే. జయపాల్ తండ్రి ఎలీషా దాన్ని తన చేత్తో బిగించి, పైన ఎర్ర రంగు చుక్క పెట్టాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ చుక్క చెరపడానికి కొడుక్కీ మనసు రాలేదు, ఆయన దగ్గర పని నేర్చుకున్న మెకానిక్ జాన్‌బాబుకీ రాలేదు.

నిజానికి అంత లోడు వేయడమే తప్పు. నిరుడు జయపాల్ ట్రక్కు డోర్ల మీద అడుగెత్తున చెక్కలు బిగించి, ఒక ట్రిప్పులో ట్రిప్పున్నర మట్టి తోలడం మొదలుపెట్టాడు. వద్దురా అని రూతమ్మ మొత్తుకుంది. నీకు తెలీదు ఊరుకోమన్నాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు పెద్దలు.

జాన్‌బాబు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"పంపు మార్చాల్సిందేరా జయా. లేకపోతే లోడన్నా తగ్గించు."

"మొన్నటిదాకా ఈ లోడే ఎత్తిందిగా బాబాయ్! నువ్వు ఆయిల్ మార్చాక ఇంకా పాడైంది. ఏం కలిపావందులో?"

జాన్‌బాబు మొహం మాడిపోయింది. "ఎలీషా అన్న బండికి నేను కల్తీ ఆయిల్ పోస్తానా? అంత మాటనడానికి నోరెలా వచ్చిందిరా నీకు?"

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రూతమ్మ సగం లేచింది, నోరు తెరిచింది, మళ్లీ కూలబడింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని భయం ఆమెకి. కానీ ఒక మంచి మనిషి తన మూలంగా దొంగ అనిపించుకుని వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చుంది, అది మాత్రం పాపమే.

జయపాల్ కసిగా ఇంజను వేసి లివరు లాగాడు. ట్రక్కు మూలుగుతూ సగం లేచి ఆగింది. అతను ఏ దన్నూ పెట్టకుండానే టార్చి పట్టుకుని దాని కిందకి దూరాడు.

"అత్తయ్యా, ఆయన కింద దూరారు!" అని అరిచింది డయానా.

రూతమ్మకి కొడుకు పాదాలు రెండే కనిపించాయి. ట్రక్కు మీద పడిన రోజు ఎలీషావీ అలాగే కనిపించాయి. చింతపండు ఎగిరిపడింది. పరుగెత్తి ఆ కాళ్లు పట్టుకుని లాగింది.

"బయటికి రారా! తప్పు పంపుది కాదు, నాది! ఆ స్క్రూ నేనే వదులు చేశాను! రా నాయనా, నీకు దణ్ణం పెడతాను!"

ట్రక్కు పడలేదు. ఏమీ కాలేదు. డయానా ఇంజను ఆపేసింది. జయపాల్ మట్టి కొట్టుకుపోయిన మొహంతో వచ్చి, లివరు పక్కనున్న ఎర్ర చుక్కని గోరుతో గీకాడు. పొరలా ఊడొచ్చింది.

"ఇది నా గోళ్ల రంగు," అంది డయానా మెల్లగా.

"ఆదివారం మీరు ముందుగా చర్చికి వెళ్లాక చేసేదాన్ని. వారానికి పావు చుట్టు," అంది రూతమ్మ. పాతికేళ్లు మొగుడికి స్పానర్లు అందించిన మనిషి, ఏ నట్టు ఎటు తిప్పాలో తెలియకపోలేదు. "బరువు లేవకపోతే తగ్గించుకుంటావనుకున్నాను. కింద దూరతావనుకోలేదురా."

"ఇంట్లోనే ఉండి నా పొట్ట మీద కొట్టావా అమ్మా? జాన్‌బాబాయ్‌ని దొంగని చేశాను, నువ్వు చూస్తూ కూర్చున్నావు! నాన్న పోయింది లోడు వల్ల కాదు, పాత పైపు పగిలి!"

"పైపు పగిలినా దన్ను దుంగ ఉంటే ఆగేది."

ట్రక్కు లేపి కింద దూరాలంటే ముందు దుంగ నిలబెట్టాలన్నది తండ్రి నియమం. "ఆ రోజు దుంగ లేదుగా. ఎవరో ఎత్తుకుపోయారని నువ్వే అన్నావు," అన్నాడు జయపాల్.

"ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే పొయ్యిలో పెట్టాను."

డయానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తుపానుకి కట్టెలన్నీ తడిసిపోయాయి. క్రిస్మస్ పిండివంటలు ఆగిపోతాయని, షెడ్డులో పొడిగా ఉన్న ఆ తుమ్మ దుంగని చీల్చాను. ఇంకోటి తెచ్చుకుంటాడులే అనుకున్నాను. 'రూతూ, దుంగేదే' అని మీ నాన్న కేకేశాడు. అది నా ఎదురుగానే మండుతోంది. తిడతాడని భయపడి, కనబళ్లేదయ్యా అన్నాను. 'పోన్లే, రెండు నిమిషాల పనేగా' అన్నాడు. అంతే. మళ్లీ ఆయన నోటమ్మట మాట వినలేదు."

ఆమె ఏడవలేదు. నాలుగేళ్లు ఏడ్చిన మనిషికి ఇంకేం మిగుల్తాయి కన్నీళ్లు? జయపాల్ మట్టిలోనే కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. క్షమించానని అతను అనలేదు. ఆమె అడగనూ లేదు.

చాలాసేపటికి లేచి జాన్‌బాబు ఇంటికి నడిచి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో గానీ, ఇద్దరూ కలిసే వచ్చారు. లివరు కిందకి దించి ట్రక్కుని ఆనించారు. జయపాల్ డోర్ల మీది చెక్కలన్నీ విప్పేశాడు. పైనున్న మట్టిని డయానాతో కలిసి ముగ్గురూ పారలతో లాగేశారు. జాన్‌బాబు స్క్రూని ఎలీషా ఉంచిన చోటికే తిప్పి నట్టు బిగించాడు. మిగిలిన లోడుతో ట్రక్కు మూలుగు లేకుండా పూర్తిగా లేచి, ఇంటి పక్కనున్న పల్లంలో మట్టి పోసింది.

విప్పిన చెక్కల్లో నాలుగింటిని దగ్గరికి చేర్చి జయపాల్ మేకులు కొట్టి దుంగలా చేశాడు. కింద పిన్నుకి గ్రీజు పెట్టాల్సి ఉంది. ట్రక్కు ఇంకా పైకే ఉంది. అతను వంగబోయి ఆగాడు.

"అమ్మా, దుంగేదే?"

రూతమ్మ ఉలిక్కిపడింది. కొడుకు ఆమె వైపు చూడకుండా చెయ్యి చాపి నిలబడ్డాడు. అప్పుడు పొంగుకొచ్చాయి ఆమె కన్నీళ్లు.

"ఇదిగోరా అయ్యా. ఇదిగో."

తన చేత్తోనే నిలబెట్టింది, రెండుసార్లు ఊపి చూసింది. అతను కిందకి దూరాడు. గ్రీజు పెట్టి బయటికొచ్చేదాకా ఆమె ఆ చెక్కని రెండు చేతులా పట్టుకునే కూర్చుంది.