నూకరత్నం గానుగలో మూడో మీటరు

శుక్రవారం ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకి చోడవరం దగ్గర ఒక మీటరు హత్యకి గురైంది.

తుపాకీ లేదు, విషం లేదు. బెల్లం గానుగ పొగగొట్టానికి తగిలించిన అరచేతంత డబ్బా అది. ఎవడో నిచ్చెన వేసుకుని ఎక్కి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, తీరిగ్గా దిగి వెళ్ళిపోయాడు. వడ్డాది వైపు పెట్టిన మొదటి మీటరు బుధవారమే ఇలా పోయింది. పెట్టినవి మొత్తం మూడు.

ఆ కబురు అందేసరికి ఏజెంట్ ఉమామహేష్ చోడవరం బస్టాండులో ఉన్నాడు. అతని వాచీలో ట్రాన్స్‌మీటరు ఉంది. బూటు మడమలో యాంటెన్నా ఉంది. రెండిటికీ అక్కడ సిగ్నల్ దొరకదు కాబట్టి డైరెక్టర్ కనకమహాలక్ష్మి మామూలు ఫోనుకే చేసింది.

"రెండోది కూడానా?"

"రెండోది కూడా, మేడమ్."

"నువ్వేం చేస్తున్నావ్?"

"మారువేషంలో ఉన్నాను."

"అంటే టీ తాగుతున్నావ్. గ్లాసు కింద పెట్టి విను."

ఉమామహేష్ గ్లాసు కింద పెట్టాడు. పదకొండేళ్ళ సర్వీసులో అతను ఒక్క టీ కూడా పూర్తిగా తాగిన గుర్తు లేదు.

జిల్లా తన పొగ లెక్క తనే తీసుకుంటోంది. ఏ ఫ్యాక్టరీ ఏం కాలుస్తోంది, ఏ ఊరు ఎంత కరెంటు వాడుతోంది, లారీలు ఎంత డీజిలు తాగుతున్నాయి, అన్నీ. సాయంత్రం నాలుగింటికి ఆన్‌లైన్ రిజిస్ట్రీలో బెల్లం గానుగల పేజీ మూసేస్తారు. కొలిచిన అంకె ఒక్కటి చేరినా ఈ చుట్టుపక్కల నలభై గానుగలకీ అదే వర్తిస్తుంది. చేరకపోతే డిఫాల్ట్ అంకె పడుతుంది. డిఫాల్ట్ అంటే బొగ్గు పొయ్యి.

"అక్కడ బొగ్గెవరు కాలుస్తున్నారు మేడమ్? చెరకు పిప్పి కదా. చెరకు పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బనే మళ్ళీ బయటికొస్తుంది. దాన్ని వేరే గడిలో రాయాలి."

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. రిజిస్ట్రీకి తెలియాలంటే మీటరు చెప్పాలి. చెప్పకపోతే నలభై గానుగలూ రెడ్ లిస్టులో పడతాయి. సోమవారం సీళ్ళు వేస్తారు."

ఇందులో లాభపడేది నార్త్‌ఫెల్ సిండికేట్. అది ఏ దేశంలో పుట్టిందో ఆ దేశానికే తెలీదు. ఎన్నడూ రాని పొగని ముందు కాగితం మీద పుట్టిస్తుంది. మరుసటేడు ఆ పొగని తగ్గించేశామని చెప్పి కార్బన్ క్రెడిట్లు పుట్టిస్తుంది. వాటిని కొనుక్కున్న కంపెనీ ఎక్కడో సముద్రాల అవతల అంత పొగనీ నిజంగా వదులుతుంది. లెక్క సరిపోయిందని అందరూ చేతులు దులుపుకుంటారు.

"మెర్లిన్ సంగతి?" అడిగాడు ఉమామహేష్.

"ఆర్నెల్ల కిందట మనమే ఆమెని నార్త్‌ఫెల్‌లోకి పంపాం. మూడు నెలల నుంచి వాళ్ళకీ మనకీ ఇద్దరికీ రిపోర్టులు పంపుతోంది."

"నిజం ఎవరికి పంపుతోంది?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? మూడో మీటరు నూకరత్నం గానుగలో ఉంది. ఒక పెనం రసం పొయ్యెక్కిన దగ్గర్నుంచి పాకమై దిగేదాకా రెండు గంటలు. మంట మధ్యలో ఆగకూడదు. ఆగితే ఆ రీడింగు చెల్లదు."

ఫోను కట్టయింది. టీ చల్లారిపోయింది.

నూకరత్నానికి యాభై అయిదేళ్ళు. రెండు సీజన్లుగా ఆమెకి ఒకటే పిచ్చి, పొయ్యి. అందరిలాగే ఆమె కూడా ఒకప్పుడు పాత టైర్లు వేసి మంట పెట్టించినదే. ఒకరోజు ఆ పొగకి తనకే దగ్గాగక మానేసింది. పొయ్యి అడుగున ఇనప జల్లెడ వేయించింది, గొట్టం ఎత్తు పెంచింది, పిప్పి పది రోజులు ఎండనిదే పొయ్యిలో వెయ్యనివ్వడం లేదు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఇప్పుడు ఆమె గొట్టంలోంచి పల్చటి తెల్లపొగ వస్తుంటే ఆ నవ్వినవాళ్ళే వచ్చి చూసిపోతున్నారు.

ఉమామహేష్ బెల్లం వ్యాపారి వేషంలో దిగాడు. లుంగీ, భుజం మీద తువ్వాలు, చెవిలో పెన్ను. పెన్నులో కెమెరా.

"అనకాపల్లి మార్కెట్టు నుంచి వస్తున్నాను. బెల్లం ఎలా ఇస్తున్నారు?"

నూకరత్నం అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "ఒరే పరదేశీ, ఆపీసరుబాబొచ్చేరు. పొయ్యి ఆపీరా!"

పొయ్యి ముందు కూర్చుని పిప్పి వేస్తున్న పరదేశి చటుక్కున చెయ్యి ఆపాడు. పిప్పి మంటకి ఆయుష్షు తక్కువ. రెండు నిమిషాల్లో పొయ్యి నల్లబడింది.

"అయ్యో, ఆపకండి! నేను ఆఫీసర్ని కాదు."

"యాపారి బెల్లం ముక్క నోట్లో ఎయ్యకుండా దర అడగడు బాబూ. పైగా బూట్లేసుకుని రాడు. కూకోండి, పొగ మీ కంట్లో కొడతాది."

పెద్దమనిషి వచ్చినప్పుడు పొయ్యి ఆపడం అక్కడి మర్యాద. పెనంలో రసం రంగు చెడినా సరే, వచ్చినవాళ్ళ కంట్లో పొగ పడకూడదు. ఉమామహేష్ దండం పెట్టి, బతిమాలి, మళ్ళీ మంట పెట్టించేసరికి పన్నెండయింది.

పన్నెండూ నలభైకి ఇస్త్రీ చొక్కాల్లో ఇద్దరు వచ్చారు. ఇన్సూరెన్స్ సర్వే అన్నారు. పరదేశి పొయ్యి ఆపేశాడు. వాళ్ళు రెండు ప్రశ్నలడిగి వెళ్ళిపోయారు. ఒంటిగంటకి మళ్ళీ కొత్త పెనం. ఒకటీ ఇరవైకి ఇంకో ఇద్దరు, భూసార పరీక్షలన్నారు. వాళ్ళ దగ్గర మట్టి తవ్వడానికి గునపం కాదు కదా, చెంచా కూడా లేదు. పరదేశి మళ్ళీ ఆపేశాడు.

ఉమామహేష్‌కి అప్పుడు వెలిగింది. ఈ మూడో మీటర్ని ఎవరూ ముట్టుకోవక్కర్లేదు. గంటకోసారి ఇస్త్రీ చొక్కా ఒకటి పంపితే చాలు, మిగతాది నూకరత్నం మర్యాద చూసుకుంటుంది. సుత్తి పట్టుకొచ్చిన వాడితో అతను కలబడగలడు. మర్యాదతో ఎలా కలబడాలో ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఎవరొచ్చినా ఆపొద్దమ్మా!" అని అరిచాడు. "కలెక్టరొచ్చినా ఆపొద్దు!"

"మీకు ఆపేం గదా. ఆళ్ళకి ఆపకపోతే ఏటనుకుంటారు?"

ఇక దాచి లాభం లేదు. మీటరు ఎందుకు పెట్టారో, నాలుగింటికి ఏమవుతుందో, వచ్చిపోతున్న వాళ్ళెవరో అంతా చెప్పేశాడు. ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టినందుకు తనకి ఏ శిక్ష పడుతుందో కూడా ఆ విసురులోనే చెప్పాడు.

నూకరత్నానికి ఒక్క మాటే చెవికెక్కింది. "సీలేస్తారా? నా పొయ్యికా? టైర్లు మానీసిన పొయ్యికా?"

"సోమవారం."

"పొలంలో ఇంకా నాలుగెకరాల చెరకుంది బాబూ." ఆమె కొంగు బిగించి లేచింది. "పొయ్యి ఆపం. ఆ మడుసుల్నే ఆపుదాం. పరదేశీ, మంచాలు అట్రా! చెరకు పక్కన, గాలికి ఎగువన ఎయ్యి. నువ్వు ఆళ్ళకి రసం తీసి ఇయ్యి."

"మరి పొయ్యిలో పిప్పి ఎవులేస్తారు?" అన్నాడు పరదేశి.

ఇద్దరూ ఉమామహేష్ వైపు చూశారు.

ఒకటీ యాభై అయిదుకి ఆ రోజుకి ఆఖరి పెనం పొయ్యెక్కింది. దేశ రక్షణకి ప్రమాణం చేసిన ఏజెంటు లుంగీ ఎగ్గట్టి, పొయ్యి నోటి ముందు గొంతుక్కూర్చుని, చేతికందిన పిప్పి తోస్తున్నాడు. కనుబొమలు కాలాయి. చెవిలో పెన్ను కరిగింది. క్షణం ఆగితే మంట పడిపోతుంది, కాబట్టి తుమ్మడానికి కూడా తీరిక లేదు.

రెండున్నరకి తెల్ల కారు వచ్చింది. అదే నలుగురు ఇస్త్రీ చొక్కాలు దిగారు. వాళ్ళ వెనక నల్లకళ్ళద్దాలు, బూడిద రంగు సిల్కు చీర, మడమల చెప్పులు. మెర్లిన్. చెరకు చెత్త మీద కూడా ఆమె తడబడకుండా నడుస్తోంది.

నూకరత్నం ఎదురెళ్ళింది. "రండి బాబూ, రండి! ఇలా గాలికి కూకోండి. పరదేశీ, నిమ్మకాయి పిండి గలాసులు తే!"

"మేము పొయ్యి చూడాలి," అన్నాడు ఒకడు.

"సూద్దురు. ముందు గొంతు తడుపుకోండి."

ఒక గ్లాసు. రెండు గ్లాసులు. ఆకులో బెల్లం ముద్ద. ఒకడు లేవబోయాడు. "సగం తిని లెగిసిపోతే నేనేటనుకోవాలి బాబూ? మా బెల్లం బాగోనేదా?" వాడు కూర్చున్నాడు. మూడో గ్లాసు. మూడున్నరకి నలుగురూ మంచాల మీద చేరబడి ఉన్నారు. ఒకడు బెల్టు వదులు చేసుకున్నాడు. ఆ పరిస్థితిలో సిండికేట్లు కూడా చేసేదేం లేదు.

మెర్లిన్ మాత్రం కూర్చోలేదు. మూడూ నలభై ఎనిమిదికి, మీటరు వైరు కిందికి దిగిన చోట, పొగగొట్టం దగ్గరికి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. లోపల చిన్న రంపం.

"బాగా నల్లబడ్డావ్, ఉమా."

"వైరు ముట్టుకోకు, మెర్లిన్."

"లేచి ఆపు చూద్దాం."

లేస్తే మంట పడిపోతుంది. కూర్చుంటే వైరు తెగుతుంది. ఉమామహేష్‌కి ఏడవాలనిపించింది. పొగ కళ్ళల్లోనే ఉంది కాబట్టి ఏడ్చినా ఎవరికీ తెలీదు.

"ఎందుకు చేస్తున్నావ్ ఇది?"

"మీ లెక్కలతో విసిగిపోయాను. కొలుస్తారు, రాస్తారు, అరల్లో పెడతారు. ఎక్కడ తగ్గింది పొగ? వీళ్ళు కనీసం దొంగలమని ఒప్పుకుంటారు." రంపం వైరుకి ఆనించింది.

ఇంతలో గ్లాసు పట్టుకుని నూకరత్నం వచ్చింది. మెర్లిన్ మొహంలోకి వంగి చూసింది.

"ఒసే, నువ్వు రావికమతం దావీదు కూతురు గుంటవి కాదేటి?"

"సారీ, మీరెవరో నాకు..."

"అద్దాలు తియ్యి సూద్దాం. అచ్చంగా మీ అమ్మ ముక్కే! పోయిన సీజన్లో మీ నాన్న నా పొయ్యి సూసెళ్ళి, అలాటిదే కట్టించుకున్నాడు. ఆ తీగ కోసేస్తే మీ నాన్న పొయ్యికీ సీలేస్తారే!"

మెర్లిన్ చెయ్యి ఆగింది. "మా నాన్నది ఇందులో లేదు. నాకు లిస్టు ఇచ్చారు."

"లిస్టులో పేర్లున్నాయా?" అడిగాడు ఉమామహేష్, పిప్పి తోస్తూనే.

"నంబర్లే."

"ఇరవయ్యారు. దావీదు, రావికమతం."

ఆమె కళ్ళద్దాలు తీసింది. ఇరవయ్యారో నంబరు పక్కన తనే సంతకం పెట్టింది కాబోలు, పెదవులు పాలిపోయాయి. రంపం మూత పెట్టేసి గొట్టం పక్కనే నిలబడింది.

మూడూ యాభై ఏడు. "పాకం వచ్చీసింది!" అని కేకేసింది నూకరత్నం. పరదేశీ, ఇంకో ముగ్గురు కూలీలూ కర్రలు దూర్చి పెనం దించారు. మీటరు మీద పచ్చ దీపం వెలిగింది. రీడింగు పూర్తి. ఇక పంపడమే.

వాచీకి సిగ్నల్ లేదు. బూటు మడమకి లేదు. మామూలు ఫోనులో గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. మూడూ యాభై తొమ్మిది. ఉమామహేష్ ఆ ఫోన్ని పొయ్యిలో వేసేవాడే. మెర్లిన్ ముందుకొచ్చి, నార్త్‌ఫెల్ ఇచ్చిన శాటిలైట్ ఫోను మీటరు వైరుకి తగిలించింది.

మూడూ యాభై తొమ్మిదీ యాభై మూడు సెకన్లకి రిజిస్ట్రీ జవాబిచ్చింది: అందింది.

ఇస్త్రీ చొక్కాలు పారిపోవాలని చూశాయి గానీ, ఆరేసి గ్లాసుల చెరకు రసంతో పరుగు సాధ్యం కాదు. ఉమామహేష్ అదే ఫోనులో పిలిపించిన పోలీసు జీపు వాళ్ళతో చోడవరం చేరేలోపు రెండుచోట్ల ఆపాల్సి వచ్చింది. మెర్లిన్ తనంతట తానే జీపు ముందు సీట్లో కూర్చుని, వాంగ్మూలం మొదలుపెట్టింది.

"అంకె ఎంతొచ్చింది బాబూ?" అడిగింది నూకరత్నం.

"బొగ్గు పొయ్యి నూరనుకుంటే మీది ముప్ఫై ఎనిమిది. నలభై గానుగలూ బతికాయమ్మా! సీళ్ళు లేవు."

ఆమె మొహం వెలగలేదు. "ముప్పై ఎనిమిదేటి? గొట్టం కట్టినప్పుడు ఇంజినీరుబాబు ఇరవై దాటదని సెప్పేడు." పొయ్యి దగ్గరికి నడిచి, పిప్పి కుప్పల వైపు చూసింది. "ఏ కుప్పలోంచి ఏసేరు?"

"దగ్గరున్న దాంట్లోంచి."

"ఓలమ్మ! అది నిన్న పిండిన పిప్పి. తడిది! పొగంతా దాందే!" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రెండేళ్ళు కష్టపడి తగ్గించీసేను. రెండు గంటల్లో మీరు రెండింతలు చేసీసేరు."

ఉమామహేష్ మళ్ళీ కొలుస్తామన్నాడు. ఫోన్లో కనకమహాలక్ష్మి వచ్చే సీజను దాకా కుదరదంది. ఏడాది పాటు ఆ అంకే నలభై గానుగల పేరున ఉంటుంది. కావాలంటే వివరణ ఫారం జతచెయ్యొచ్చంది.

అతను గట్టు మీద కూర్చుని, మసి చేతులతోనే ఆ ఫారం నింపాడు. 'ఉద్గారం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ రావడానికి కారణం' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, చివరికి తన పూర్తి పేరు, హోదా రాశాడు.